వంటింటి ద్వారబంధం మీద బొగ్గుగీతలు

ఏటా ఎండాకాలం మరమ్మతులకు కాలువ కట్టేసిన మూడోనాటికి ధవళేశ్వరంలో గాలి మారుతుంది. నీళ్ళు దిగిపోయి, అడుగున మిగిలిన నల్లటి పూడిక ఎండకు ఆరడం మొదలుపెట్టగానే చేపపొలుసూ నాచూ తడి ఇనుమూ కలగలిసినట్టుండే ఒక వాసన గట్టు దాటి వీధుల్లోకి వస్తుంది. ఊరికి కొత్తగా వచ్చినవారు ఉత్తరీయం ముక్కుకు అడ్డం పెట్టుకుంటారు. ఈ ఉదయం బడికి బయలుదేరుతూ కోటు గుండీలు పెట్టుకుంటుంటే ఆ వాసన కిటికీలోంచి లోపలికి వచ్చింది. చెయ్యి గుండీ మీదే ఆగిపోయింది. ఏటా ఈ రోజున నాకు పోలయ్యగారు గుర్తొస్తారు. నా చేత కళాశాలలో పుస్తకాలు చదివించిన గురువులు చాలామంది ఉన్నారు. వారి గురించి చెప్పేవారూ ఉన్నారు. పోలయ్యగారి గురించి చెప్పవలసినవాణ్ణి నేనొక్కణ్ణే కనక, ఆయనను ఎన్నడూ చూడని మీకోసం ఇది రాస్తున్నాను.

పోలయ్యగారు మా పక్కింటివారు. గోదావరిలో వలలు వేసుకు బతికే కుటుంబంలో పుట్టారు. ఆనకట్ట కడుతున్న రోజుల్లో మీసాలు రాని వయసులో రాళ్ళు మోశారు. ఆ తరవాత లాకు దగ్గర లస్కరుగా కుదిరి, ముప్ఫై ఏళ్ళపాటు వచ్చే పడవకూ పోయే పడవకూ లాకు తలుపులు తీసి మూశారు. పొద్దునా సాయంత్రమూ గేజీ రాయి మీద నీటిమట్టం చూసి ఓవర్సీరుకు చెప్పడం కూడా ఆయన పనే. అక్షరాలు రావు, అంకెలు మాత్రం వచ్చు. నేను ఎరిగేనాటికి ఉద్యోగం మానేసి ఇంటిపట్టునే ఉండేవారు. రోజుకు రెండుసార్లు కాలువగట్టుకు వెళ్ళి, ఎవరూ అడగకపోయినా, నీటిమట్టం చూసి వచ్చేవారు.

అప్పుడు నేను రాజమండ్రి కళాశాలలో చదువుతున్నాను. రోజూ గట్టు వెంట నడిచి వెళ్ళి నడిచి వచ్చేవాణ్ణి. శనివారం సాయంత్రాలు జరిగే చర్చాసభలో నాకు కొంత పేరుండేది. ఎదుటివాడి మాటలో పొరపాటు ఎక్కడుందో వాడు వాక్యం ముగించేలోగా పట్టుకోగలిగేవాణ్ణి. ఏ ఆచారానికైనా కారణం అడగందే ఒప్పుకునేవాణ్ణి కాదు. శ్రమకు సిగ్గుపడరాదని ఒక శనివారం, బాలవితంతువులకు చదువు చెప్పించాలని మరొక శనివారం తీర్మానాలు ప్రతిపాదించి నెగ్గించాను. చప్పట్ల మధ్య కూర్చుంటూ, ఈ రెండో సంగతి నాకు ఊహ కాదనీ, మా ఇంట్లోనే ఉందనీ గర్వపడేవాణ్ణి.

ఆ ఇంట్లో ఉన్నది నా చెల్లెలు కామాక్షి. పన్నెండో ఏటే భర్త పోయాడు. ఆ తరవాత రెండేళ్ళకు మా అమ్మా, మరుసటి ఏడు నాన్నా పోవడంతో ఇంట్లో మేమిద్దరమే మిగిలాం. వీధి అరుగు మీదికి ఆమె రావడం ఊరికి ఇష్టంలేదు. కాబట్టి ఆమెకున్న ఆరుబయలు వంటింటి వెనక పెరడు ఒక్కటే. ఆ పెరట్లో ఒక గొయ్యి ఉండేది. మా వైపు మట్టిగోడల ఇల్లు కట్టేవారు గోడలకు కావలసిన మట్టిని సొంత పెరట్లోనే తవ్వుకుంటారు, ఇల్లు పూర్తయ్యాక పూడుద్దామనుకుంటారు, పూడ్చరు. మా నాన్నా పూడ్చలేదు. వానాకాలం వస్తే ఆ గొయ్యి నిండి, నీళ్ళు గడప దాటి వంటింట్లోకి వచ్చేవి. కామాక్షి పొయ్యి కింద ఇటుకలు పెట్టి ఎత్తుచేసి, పాదాలు మునిగే నీళ్ళలో నిలబడి వండేది. నేను పీట మీద కాళ్ళు పైకి పెట్టుకుని తిని కళాశాలకు వెళ్ళేవాణ్ణి.

ఒక భాద్రపదంలో నాన్న తద్దినం నాడు ఉదయం నుంచీ వాన పడింది. తమ్ముడి తద్దినానికి మా పెదనాన్న ఏటా లంక అవతలి ఊరి నుంచి వచ్చేవారు. మడిగా వంట సగం అయ్యేసరికి గోతిలోని మురికినీళ్ళు వంటింట్లోకి వచ్చి, వండినవన్నీ పనికిరాకుండా పోయాయి. భోక్తలు మధ్యాహ్నం దాటేదాకా పస్తున్నారు. ఆ సాయంత్రం పెదనాన్న కండువా దులిపి భుజాన వేసుకుంటూ, ఈ కొంపలో ఆడపిల్ల ఉండదగిన చోటు లేదనీ, తమ ఇంట్లో పదకొండుమందికి వండే చెయ్యి ఎలాగూ కావాలనీ అన్నారు. నేను వాదించాను. న్యాయం, స్వేచ్ఛ, మానవత్వం అన్నీ వరసగా చెప్పాను. ఆయన ఓపికగా విని, "ఒరేయ్ సూర్యం, వచ్చే ఏడు ఇదే తిథికి వస్తాను. వంటిల్లు పొడిగా ఉంటే పిల్ల ఇక్కడే ఉంటుంది. తడిగా ఉంటే నాతో వస్తుంది. నీళ్ళకి నీ ఇంగ్లీషు చెప్పి చూడు," అన్నారు.

పెదనాన్న వెళ్ళాక కామాక్షి నేల తుడుస్తూ తల ఎత్తకుండానే ఒక మాట అంది. "అన్నయ్యా, నీ ఉపన్యాసాల్లో నా సంగతి వస్తుందటగా. పెరడు సంగతి ఎప్పుడైనా వచ్చిందా?"

వైశాఖంలో కళాశాలకు సెలవులిచ్చారు. ఒక ఉదయం, తోటల పెంపకం గురించి ఇంగ్లీషులో ఉన్న ఒక పుస్తకం పట్టుకుని గోతి ఒడ్డున నిలబడి ఉన్నాను. అందులో పచ్చికబయళ్ళూ, పాలరాతి తొట్లూ, చేతికింద పనిచేసే నలుగురు తోటమాలులూ ఉన్నారు. మా ఇంట్లో ఒక పార, అదీ పిడి వదులైనది, ఉంది. ప్రహరీ అవతల నుంచి గొంతు వినిపించింది.

"గోతికి చదివి వినిపిస్తున్నారేంటండి, బాబుగారూ? పూడుతుందంటారా?"

గోడ మీద గడ్డం ఆనించి పోలయ్యగారు చూస్తున్నారు. నేను సంగతంతా చెప్పి, సలహా ఇవ్వమని అడిగాను. "పోలయ్యగారూ" అని పిలిచాను. ఆ రోజుల్లో మా ఇళ్ళలోని కుర్రవాడు లస్కరును అలా పిలవడం వింత. అందుకే కావాలని పిలిచాను. ఆయన నవ్వారు.

"ఆ గారు తీసి పక్కన పెట్టండి బాబూ. పార పట్టండి ముందు. రేపు నడుం పట్టేశాక ఏమని పిలుస్తారో చూద్దాం."

పారకు మట్టి ఎక్కడిదని అడిగాను. మట్టి కొనుక్కోవడానికి మాకు స్థోమత లేదు. ఆయన చెయ్యి చాపి కాలువ వైపు చూపించారు. కాలువ కట్టేసిన రోజుల్లో కూలీలు అడుగు పూడిక తీసి గట్టు మీద కుప్పలు పోస్తారు. గోదావరి ఎక్కడెక్కడి నుంచో మోసుకొచ్చిన ఒండ్రు అది. ఎవరు మోసుకుపోయినా అడిగేవాడు లేడు. మోసుకుపోవాలి, అంతే.

మర్నాడు తెల్లవారకముందే లేచి పదిహేను తట్టలు మోశాను. వెలుతురు వచ్చేసరికి స్నానం చేసి, ఉతికిన ధోవతి కట్టుకుని అరుగు మీద కూర్చున్నాను. ఇలా నాలుగు రోజులు గడిచాయి. అయిదో రోజు పోలయ్యగారు గోడ దగ్గరికి వచ్చి, ఎండ ఎక్కాక ఒక్క తట్టైనా రావడంలేదేమని అడిగారు. ఎండదెబ్బ తగులుతుందేమోనని చెప్పాను.

"ఎండకి భయమాండి, జనం కళ్ళకి భయమాండి?" అన్నారాయన.

ఆ మాటలో దెప్పు లేదు. గేజీ రాయి మీద మట్టం చదివినట్టు ఉన్నదున్నట్టు చెప్పారు. శ్రమకు సిగ్గుపడరాదని నిండుసభలో నేను అన్న మాటలు నా చెవుల్లోనే మోగాయి. మర్నాడు ఎనిమిది గంటల వేళ, గట్టు మీద జనం తిరుగుతుండగా, తలకు గుడ్డ చుట్టి తట్ట ఎత్తుకున్నాను. నల్లటి బురదనీరు చెంపల మీదుగా కారుతోంది. ఎదురుగా, చర్చాసభలో ఎప్పుడూ నా ఎదుటి పక్షాన మాట్లాడే మిత్రుడు గొడుగు వేసుకుని వస్తున్నాడు. ఆగి, ఇదేమిటని అడిగాడు. "మొన్న నెగ్గిన తీర్మానం," అన్నాను. అతను గొడుగు మూసి నాకు దారి ఇచ్చాడు. నేను అంతవరకూ నెగ్గిన వాదాలన్నీ ఒక ఎత్తు, ఆ తట్ట దింపి నిలబడ్డ క్షణం ఒక ఎత్తు. ఆ సాయంత్రం నడుం నిజంగానే పట్టేసింది. గోడ దగ్గరికి వెళ్ళి "పోలయ్యగారూ" అని పిలిచాను. ఆయన లోపలి నుంచి నవ్వుతూ వచ్చి, ఆవనూనె వేడిచేసి ఇచ్చారు. ఆ గారు మళ్ళీ ఎప్పుడూ ఊడలేదు.

పోలయ్యగారూ పార పట్టి సాయానికి దిగేసరికి ఇరుగుపొరుగు ఊరుకోలేదు. లస్కరు మన పెరట్లోకి వచ్చి పార వేయడమేమిటని ఎదురింటివారు కబురంపారు. పనిలో మైల ఎక్కడుందో చెప్పమని నేను తిరిగి కబురంపాను. జవాబు వచ్చి ఉంటే సంతోషించేవాణ్ణి.

జ్యేష్ఠమాసంలో పోలయ్యగారు కూతురి పురిటికి సముద్రపు ఒడ్డున ఉన్న వియ్యంకుల ఊరు వెళ్ళారు. అప్పటికి గొయ్యి చాలావరకు నిండింది. ఆయన వచ్చేలోగా పని పూర్తిచేసి చూపించాలని నాకు పట్టుదల పుట్టింది. నాలుగు మూలలా మేకులు పాతి, తాళ్ళు బిగించి, క్షేత్రగణితంలో నేర్చుకున్నదంతా ఉపయోగించి, గొయ్యి ఆనవాలు కూడా లేకుండా పెరడంతా పూడ్చి, పీటలా చదునుచేశాను. ఒక మూల గోలీ వదిలితే కదలకుండా అక్కడే నిలిచింది. అలాంటి సమానత్వం లోకంలో ఎక్కడుందని నాలో నేను మురిసిపోయాను. కామాక్షి గడపలో నిలబడి చూసి, ఏదో చెప్పబోయింది. "పూర్తికానీ, అప్పుడు చెబుదువుగాని," అన్నాను.

వారం తిరక్కుండా ఒక సాయంత్రం కుండపోతగా వాన కురిసింది. వాన నిలిచాక చూస్తే పెరడంతా ఒకే మట్టున నీళ్ళు. ఇదివరకు నీళ్ళకు గొయ్యి అయినా ఉండేది. ఇప్పుడు అదీ లేక, మొత్తం నీరు తిన్నగా వంటింట్లోకి వచ్చింది. నెలరోజులు నెత్తిన మోసిన ఒండ్రు జిగురై కాళ్ళకు అంటుకుంది. తద్దినానికి ఇక రెండున్నర నెలలు. గడప మీద కూర్చుండిపోయాను.

రెండు రోజుల తరవాత పోలయ్యగారు వచ్చారు. పెరడంతా ఒకసారి కలియజూశారు. వంటింటి గడప దాకా నడిచి వచ్చి, అక్కడ ఆగి, ద్వారబంధానికి అడుగున కన్నార్పకుండా చూడసాగారు. ఆ కొయ్య మీద, నేలకు జానెడు ఎత్తు లోపల, బొగ్గుతో గీసిన అడ్డగీతలు ఉన్నాయి. ఒకదానిమీద ఒకటి, కొన్ని దగ్గరగా, కొన్ని దూరంగా. అన్నేళ్ళుగా ఆ ద్వారం దాటుతున్న నేను వాటిని ఎప్పుడూ చూడలేదు. అన్నిటికంటె పైగీత ఇంకా నల్లగా, కొత్తగా ఉంది.

"ఎవరు గీశారండి ఇయ్యి?" అని అడిగారు పోలయ్యగారు.

లోపలి నుంచి కామాక్షి, నీళ్ళు వచ్చినప్పుడల్లా ఎంతవరకు వచ్చాయో తాను గీసిపెడుతున్నానని చెప్పింది. కింది గీత మొదటి ఏడాదిది. పైది మొన్నటి వానది. పోలయ్యగారు తల గుడ్డ తీసి భుజాన వేసుకున్నారు. ఓవర్సీరు ముందు తప్ప ఆయన అలా తియ్యడం నేను చూడలేదు.

"ఇది గేజీ అండి, బాబూ," అన్నారు. "ముప్ఫై ఏళ్ళు నేను చూసిన రాయి లాంటిదే ఇది. ఇంట్లో ఇంత లెక్క తెలిసిన మనిషిని పెట్టుకుని, ఊరి మీద పడి పుస్తకాల్ని అడుగుతున్నారేంటండి? ఆ నీళ్ళలో నిలబడ్డది ఎవరు? మీరాండి?"

నేను అందరినీ ప్రశ్నించేవాణ్ణి. ఆమెను ఒక్క ప్రశ్న కూడా అడగలేదు.

ఆ మధ్యాహ్నం పరాయివారు ఉండగా కామాక్షి మొదటిసారి పెరటి నడిమధ్యకు వచ్చింది. పోలయ్యగారు ముఖం కాస్త పక్కకు తిప్పుకుని, నీళ్ళు ఎటు నుంచి వస్తాయో చూపించమని "అమ్మాయిగారండి" అంటూ అడిగారు. ఆమె గరిటె తిరగేసి, దాని కాడతో తడిమట్టి మీద మూడు గీతలు గీసింది. అవతలి పక్కింటి చూరునీళ్ళు ఈ దారిన వస్తాయి. బావి గట్టు నుంచి ఇటు. ఈ రెండూ కలిసేది ఇక్కడ, ఈశాన్యం మూల. అక్కడ కాసేపు ఆగి, మరో దారి లేక వెనక్కి మళ్ళి గడప వైపు వస్తాయి. మూడేళ్ళ వానాకాలాలు ఆ మూడు గీతల్లో ఉన్నాయి. పోలయ్యగారు గడప దగ్గర ఒక చెంబు నీళ్ళు వంచి చూశారు. అవి నా చదును మీద దారి తెలియక గుండ్రంగా పాకాయి.

"మీరు చదునంటే అందరూ ఒకటే అనుకున్నారండి," అన్నారు నాతో. "నీళ్ళకి అది చాలదు. ఎత్తున ఉన్నది కాస్త వంగాలి, పల్లాన ఉన్నదానికి చోటుండాలి. బారకి వేలెడు వాలు చాలు. గొయ్యి మొత్తం ఎందుకు పూడ్చేశారు? దానికో మూల ఉంచండి పాపం. ఎక్కడికో ఓచోటికి పోవాలిగా అది కూడా."

నేను అలవాటు కొద్దీ, వంగవలసింది ఎత్తున ఉన్నదే ఎందుకని అడిగాను. పల్లాన ఉన్నది వంగితే నీళ్ళు ఎటు పోతాయో ఆలోచించుకోమన్నారు. ఆ రాత్రి నిద్రపట్టేదాకా ఆలోచించాను.

పని మళ్ళీ మొదలుపెట్టాం. ఈసారి ముగ్గురం. నేను మోసి నింపినదాంట్లో మూడోవంతు నేనే తవ్వి తీశాను. ఒండ్రులో గోదావరి ఇసుకా, వరి ఊక కాల్చిన బూడిదా కలిపాం. ఇసుక నది ఇచ్చింది. ఊక మిల్లువారు పారబోసేది. గడప దగ్గర ఎత్తు, ఈశాన్యం మూలకు బారకు వేలెడు చొప్పున వాలు. ఆ మూల గొయ్యిని చాప వెడల్పున ఉంచి, అంచు కట్టి చిన్న కుంటలా చేశాం. కుంట నిండితే పొర్లిన నీరు వీధి వెనక మురుగు బోదెలోకి పోవడానికి ఒక తాటిదోనె కావలసివచ్చింది. గాలికి పడిన తాడిని పోలయ్యగారు చీల్చి, లోపల గుజ్జు తొలిచి, రెండు రోజుల్లో దోనె తయారుచేశారు. బట్టీలో ఎక్కువ కాలి వంకరపోయిన ఇటుకలను బట్టీవారు పారేస్తుంటే తెచ్చి, గడప నుంచి బావి దాకా కాలిబాట పరిచాను. కామాక్షి ఒక్కొక్క ఇటుకనూ తిప్పి చూసి, వంకర వంకరలో ఇమిడేలా చోటు చెప్పేది. కుంట ఒడ్డున పోలయ్యగారి బంధువులు లంక నుంచి పంపిన అరటి పిలకలు, గోడ వెంట బచ్చలీ దొండా, బావి దగ్గర కంద, బాట పక్కన నందివర్ధనం కొమ్మలు. ఒక్కటీ కొన్నది కాదు. అన్నీ ఎవరో ఒకరు విరిచి ఇచ్చినవే. మూడో నెలకు నందివర్ధనం పూసింది. ఆ పూలు కామాక్షి పెట్టుకోకూడదు. దేవుడికి పెట్టి, మిగిలినవి గోడ మీద పేర్చేది. పోలయ్యగారి మనవరాళ్ళు వచ్చి తీసుకుపోయేవారు.

తద్దినం నాటికి ముందురోజు నుంచే ముసురు పట్టింది. పెదనాన్న పడవ దిగి తడిసి ముద్దై వచ్చారు. ఉదయం వాన అందుకుంది. పోయిన ఏటికంటె పెద్దవాన. వంటింట్లో కామాక్షి మడికట్టుకుని పొయ్యి వెలిగించింది. పెదనాన్న వెనక వసారాలో పీట వేసుకుని, తీర్పు చెప్పేవారిలా పెరటికి ఎదురుగా కూర్చున్నారు. నేను ఆయన వెనక నిలబడ్డాను. అవతలి పక్కింటి చూరు నుంచి నీళ్ళు దూకాయి. బావిగట్టు నుంచి వచ్చాయి. గడప ముందు ఒక్క క్షణం ఆగినట్టనిపించాయి. అంతలో ఎవరో పిలిచినట్టు అటు తిరిగి, ఇటుకల బాట పక్కగా, ఆ మూలకు నడిచాయి. కుంట నిండింది. దోనె అంచు దాకా వచ్చింది. ఆ తరవాత, వాన చప్పుడులోంచి, బోదెలో నీళ్ళు పడుతున్న చప్పుడు వినిపించింది. లాకు తలుపు సందులోంచి నీరు దిగే చప్పుడు అది. గోడ అవతల నెత్తిన గోనె కప్పుకుని నిలబడ్డ ఒక మనిషికి దాన్ని మించిన సంగీతం లేదు.

వంట మడిగా పూర్తయింది. భోక్తలు వేళకు భోంచేశారు. పెదనాన్న లేచి వంటింట్లోకి వెళ్ళి, అరికాలు నేలమీద రెండుసార్లు రాసి చూశారు. పొడి. ద్వారబంధం మీది గీతలు చూసి, అవేమిటని అడిగారు. కామాక్షి చెప్పింది. ఈ ఏడు గీత ఏదని అడిగారు. "ఈ ఏడు గీత లేదు, పెదనాన్నా," అంది ఆమె.

సాయంత్రం వాన తగ్గాక ఆయన పెరట్లోకి దిగి, బాట మీద అటూ ఇటూ నడిచి, గోడ దగ్గర ఆగారు. తన జీవితంలో లస్కరుతో తనంతట తాను మాట్లాడి ఉండరు. గొంతు సవరించుకుని, "ఏమయ్యా, మా ఊళ్ళో పశువులశాల వెనక ఇదే బాధ. ఏం చెయ్యమంటావు?" అని అడిగారు.

పోలయ్యగారు గోనె సర్దుకున్నారు. "నేను తలుపులు తీసేవోణ్ణండి. నీళ్ళ సంగతి నాకేం తెల్దు. అమ్మాయిగారిని అడగండి," అన్నారు.

పెదనాన్న వెనక్కి తిరిగారు. గడపలో కామాక్షి నిలబడి ఉంది. ఆయన పీట దగ్గరికి లాక్కుని కూర్చుని, "అమ్మా, మా శాల దక్షిణానికి దిగి ఉంటుంది..." అంటూ మొదలుపెట్టారు. ఆమె గరిటె తెచ్చింది. మర్నాడు పడవ ఎక్కుతూ ఆయన తీసుకెళ్ళింది రెండు అరటి పిలకలు. పిల్లను కాదు.

అది జరిగి చాలా ఏళ్ళయింది. పోలయ్యగారు పోయారు. పోయిన రోజు ఉదయం కూడా గట్టుకు వెళ్ళి మట్టం చూసి వచ్చారట. పెరటి బాట మీద ఇప్పుడు మధ్యాహ్నాలు ఎనిమిదిమంది ఆడపిల్లలు పలకలు పట్టుకుని కూర్చుంటారు. నా దగ్గర నేర్చుకున్న అక్షరాలను కామాక్షి వారికి చెబుతుంది. మొదట వచ్చినవారు పోలయ్యగారి మనవరాళ్ళు. నేను ఇప్పటికీ సభల్లో మాట్లాడతాను, వాదిస్తాను, చాలాసార్లు నెగ్గుతాను. అయితే మాట్లాడే ముందు, ఈ నీళ్ళలో నిలబడ్డది ఎవరని వెతికి, వారిని అడిగి వస్తాను. ఇంటికి సున్నం వేయించినప్పుడల్లా ఆ ద్వారబంధం జోలికి పోవద్దని కూలీలకు చెబుతాను. వారు విచిత్రంగా చూస్తారు.

ఒండ్రు ఏటేటా కాస్త దిగుతుంది. కాలువ కట్టేసిన రోజుల్లో ప్రతిసారీ ఒక పూత కొత్తమట్టి వెయ్యాలి. ఈ ఉదయం బడికి సెలవు కబురు పంపి, కోటు విప్పి మేకుకు తగిలించి, తలకు గుడ్డ చుట్టుకుంటుంటే కామాక్షి వంటింట్లోంచి తొంగి చూసింది.

"బడి పంతులువి, ఇంత ఎండెక్కాకా వెళ్తున్నావు?" అంది నవ్వుతూ.

నలుగురూ చూసే వేళ కావాలనే ఎండెక్కనిచ్చానని చెప్పి, తట్ట తీసుకుని వీధి గుమ్మంలోంచి బయటికి నడిచాను.